పేజీ పక్కకు జారిపోతోంది: 253 పిక్సెళ్లు ఎక్కడి నుంచి వచ్చాయో వెతికిన కేస్

కీబోర్డ్‌తో ట్యాబ్ నొక్కుకుంటూ వెళ్తే పేజీ మొత్తం ఎడమకు జరిగిపోతోందని, రీఫ్రెష్ చేస్తే తప్ప మళ్లీ సరిగ్గా రావడం లేదని ఒక యూజర్ నుంచి వచ్చిన ఫిర్యాదుతో ఈ పని మొదలైంది. ఆర్డర్లు చూసుకునే మామూలు అడ్మిన్ పేజీ అది. ఎడమవైపు 240 పిక్సెళ్ల మెనూ, పైన ఒక బార్, మధ్యలో లెక్కలు చూపించే కార్డులు, వాటి కింద ఫిల్టర్లు, ఆ కింద 14 కాలమ్‌ల టేబుల్. ఏదైనా ఆర్డర్ మీద నొక్కితే కుడివైపు నుంచి వివరాల డ్రాయర్ జారుకుంటూ వస్తుంది.

అదే వారంలో ఇంకో మూడు టికెట్లు (బగ్ ఫిర్యాదులు) వచ్చాయి. పేజీ కిందికి వెళ్తుంటే ఫిల్టర్ల బార్ పైన అతుక్కుని ఉండాలి, ఉండటం లేదు. ఆర్డర్లు ఎక్కువ ఉన్న రోజు టేబుల్ అయిపోయాక కూడా పేజీ కిందికి వెళ్తూనే ఉంటుంది, అక్కడ అంతా ఖాళీ. పాపప్ తెరిచిన ప్రతిసారీ పేజీ పక్కకు ఒక కుదుపు కుదుపుతుంది. నాలుగు టికెట్లు నలుగురికి పంచారు. ఒకసారి స్టైల్‌షీట్ (పేజీ రూపాన్ని నిర్ణయించే సీఎస్ఎస్ ఫైల్) తెరిచి చూశాక నాలుగూ నా దగ్గరికే తెచ్చుకున్నాను, ఎందుకంటే ఫైల్ మొదట్లోనే హెచ్‌టీఎమ్‌ఎల్‌కి (అంటే పేజీ మొత్తానికి), దాని లోపలి బాడీకి రెండింటికీ ఓవర్‌ఫ్లో-ఎక్స్: హిడెన్ (అడ్డంగా పట్టక బయటికి పొంగింది దాచు) అని ఉంది, పక్కన "అడ్డంగా స్క్రోల్ రాకుండా" అని కామెంట్ ఉంది. కొన్ని నెలల కింద మా టీమ్‌లో ఒకరు పెట్టింది. రివ్యూలో ఓకే చెప్పింది నేనే. కింద అడ్డంగా కనిపించే స్క్రోల్‌బార్ పోయింది కదా అని అప్పుడు సరే అన్నాను.

ఆ లైన్ ఏం చేస్తుంది, ఏం చేయదు

హిడెన్ పెడితే పొంగిన భాగం ఎక్కడికీ పోదు. అది అక్కడే ఉంటుంది, కనిపించదు అంతే. ఆ బాక్స్‌ని స్క్రోల్ చేయడం ఇంకా సాధ్యమే, యూజర్ పట్టుకుని లాగడానికి స్క్రోల్‌బార్ మాత్రం ఉండదు. ట్యాబ్ నొక్కితే ఫోకస్ టేబుల్ చివరి కాలమ్‌లోని బటన్ మీదికి వెళ్తుంది, ఆ బటన్ కనిపించాలని బ్రౌజర్ తనంతట తానే పేజీని పక్కకు జరుపుతుంది, ఇక వెనక్కి తేవడానికి యూజర్ చేతిలో ఏమీ ఉండదు. మొదటి ఫిర్యాదు అచ్చంగా ఇదే. బ్రౌజర్ తప్పేమీ లేదు, కనిపించని బటన్ మీద ఫోకస్ ఉంచడం కంటే అది చేసిందే మేలు.

ఫిల్టర్ల బార్ సంగతి ఇంకొంచెం లోతైనది. ఓవర్‌ఫ్లో ఒక దిశలో హిడెన్ పెట్టి రెండో దిశలో విజిబుల్ వదిలేస్తే, ఆ రెండోది విజిబుల్‌గా ఉండదు, ఆటోగా మారిపోతుంది. అంటే ఓవర్‌ఫ్లో-ఎక్స్ ఒక్కటి పెట్టినా ఆ బాక్స్ రెండు దిశల్లోనూ స్క్రోల్ కంటైనర్ (తన లోపలి కంటెంట్‌ని జరపగల బాక్స్) అవుతుంది. ఇక పొజిషన్: స్టికీ (స్క్రోల్ చేసినా అంచున అతుక్కుని ఉండేలా చేసేది) దేనికి అతుక్కుంటుందంటే, తనకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న స్క్రోల్ కంటైనర్‌కి. బాడీకి ఒక్కదానికే హిడెన్ ఉంటే ఫరవాలేదు, హెచ్‌టీఎమ్‌ఎల్ విజిబుల్‌గా ఉన్నంతవరకు బాడీ మీద పెట్టిన ఓవర్‌ఫ్లో విండోకే వర్తిస్తుంది కాబట్టి స్టికీ మామూలుగా పనిచేస్తుంది. కానీ రెండింటికీ పెట్టినప్పుడు హెచ్‌టీఎమ్‌ఎల్‌ది విండోకి వెళ్తుంది, బాడీ విడిగా ఒక స్క్రోల్ కంటైనర్‌గా మిగిలిపోతుంది. ఆ బాడీకి ఎత్తు పరిమితి లేదు కాబట్టి అది నిలువుగా ఎప్పటికీ స్క్రోల్ కాదు, ఫిల్టర్ల బార్ ఆ కదలని బాడీకే అతుక్కుని దానితోపాటే పైకి వెళ్లిపోతుంది. "మా ఇంకో ప్రాజెక్ట్‌లో అదే లైన్ ఉంది, అక్కడ స్టికీ బాగానే పనిచేస్తోంది" అని టీమ్‌లో వాదన వచ్చింది. అక్కడ ఒకచోటే ఉంది, ఇక్కడ రెండుచోట్ల ఉంది, తేడా అంతే.

ఆ రెండు లైన్లు తీసేశాను. ఫిల్టర్ల బార్ వెంటనే సరైపోయింది, పాత అడ్డం స్క్రోల్‌బార్ వెంటనే తిరిగొచ్చింది. అది రావాలనే తీశాను, అది కనిపిస్తేనే దాన్ని వెతకగలం.

కొలత ముందు, ఊహ తర్వాత

ఇలాంటి బగ్ దొరికితే చాలామంది చేసే పని, అనుమానం వచ్చిన ప్రతి డివ్‌కీ (పేజీలో భాగాల్ని కట్టే బాక్స్‌కీ) ఒక ఓవర్‌ఫ్లో హిడెన్ పెట్టి చూడటం. దయచేసి అలా చేయకండి. ముందు బ్రౌజర్ కన్సోల్‌లో డాక్యుమెంట్ ఎలిమెంట్‌ది, అంటే పేజీది, స్క్రోల్‌విడ్త్ (పొంగిన భాగంతో కలిపి వెడల్పు) ఎంత, క్లయింట్‌విడ్త్ (కనిపించే వెడల్పు) ఎంత అని రెండు అంకెలు తీసుకోండి. విండోస్ మెషీన్‌లో 1366 పిక్సెళ్ల విండోలో మాకు వచ్చినవి 1604, 1351. విండో 1366 అయితే క్లయింట్‌విడ్త్ 1351 ఎందుకంటే నిలువు స్క్రోల్‌బార్ 15 పిక్సెళ్లు తీసుకుంది. పొంగింది 253. ఆ అంకెని కాగితం మీద రాసిపెట్టుకున్నాను. తర్వాత ఏది మార్చినా అది తగ్గిందా లేదా అని చూసుకోవడమే, లేకపోతే ఏ మార్పు పనిచేసిందో, ఏది ఊరికే ఉందో తెలియకుండా పది మార్పులు పోగవుతాయి.

విండోస్ అని ప్రత్యేకంగా ఎందుకు చెప్తున్నానంటే, మా డిజైన్ టీమ్ అంతా మ్యాక్ వాడతారు. ట్రాక్‌ప్యాడ్‌తో పనిచేసేటప్పుడు మ్యాక్‌లో స్క్రోల్‌బార్ కంటెంట్ మీద తేలుతూ వచ్చి మాయమవుతుంది, చోటు తీసుకోదు. అందువల్ల సగం సమస్యలు వాళ్ల స్క్రీన్ మీద పుట్టనే పుట్టవు. మ్యాక్ సెట్టింగ్స్‌లో స్క్రోల్‌బార్లు ఎప్పుడూ చూపించు అనే ఆప్షన్ ఉంది. వెబ్ పేజీలు కట్టే ప్రతి ఒక్కరూ దాన్ని ఆన్ చేసుకునే పనిచేయాలి, ఈ విషయంలో నేను పట్టుపడతాను.

ఇక దోషిని పట్టుకోవడం. పేజీలోని ఎలిమెంట్లన్నీ ఒక్కొక్కటే తీసుకుని, గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్‌తో కుడి అంచు ఎక్కడుందో చూసి, అది క్లయింట్‌విడ్త్ దాటితే ఎర్ర అవుట్‌లైన్ వేసే చిన్న స్క్రిప్ట్ రాసుకోవచ్చు, పది లైన్లు కూడా ఉండదు. బోర్డర్ కాదు, అవుట్‌లైనే వేయాలి, బోర్డర్ వేస్తే లేఅవుట్ మారి కొలత చెడిపోతుంది. మొదటిసారి నడిపితే మాకు వందల ఎలిమెంట్లు ఎర్రగా మెరిశాయి, ఎందుకంటే టేబుల్ దాటితే దానిలోని ప్రతి సెల్లూ దాటినట్టే కదా. అందుకని రెండు షరతులు కలిపాను. ఒకటి, పేరెంట్ హద్దులోనే ఉండి తాను మాత్రం దాటిన ఎలిమెంట్‌నే చూపించాలి, పొంగు మొదలయ్యేది అక్కడే. రెండు, పైన ఎక్కడైనా స్క్రోల్ కంటైనర్ ఉంటే దాని లోపలివి వదిలేయాలి, ఎందుకంటే లోపల స్క్రోల్ అయ్యేవి దాటడం తప్పు కాదు. ఈ రెండో షరతు నన్ను ఒక పూట తప్పుదారి పట్టించింది, అది కాసేపట్లో చెప్తాను. బిఫోర్, ఆఫ్టర్ లాంటి సూడో ఎలిమెంట్లు (సీఎస్ఎస్ మాత్రమే పుట్టించేవి) ఈ స్క్రిప్ట్‌కి చిక్కవు, అదీ గుర్తుండాలి. ఫైర్‌ఫాక్స్ డెవ్‌టూల్స్ (బ్రౌజర్‌లోనే పేజీ లోపల చూసే పనిముట్లు) వాడేవాళ్లకు ఇంకొంచెం సుఖం, స్క్రోల్ అయ్యే ఎలిమెంట్ పక్కన స్క్రోల్ అని, దాన్ని పొంగిస్తున్న ఎలిమెంట్ పక్కన ఓవర్‌ఫ్లో అని అదే గుర్తు చూపిస్తుంది.

షరతులు పెట్టాక జాబితాలో రెండే మిగిలాయి. పైన ఉన్న బార్, టేబుల్‌ని పట్టుకుని ఉన్న మెయిన్ ఎలిమెంట్.

స్క్రోల్ రావాల్సిన చోట ఎందుకు రాలేదు

మెయిన్ వెడల్పు 1364. పక్కన మెనూ 240. కలిపితే 1604, లెక్క సరిపోయింది. మెనూ, మెయిన్ రెండూ ఒక ఫ్లెక్స్ కంటైనర్‌లో (లోపలివాటిని వరుసగా పేర్చి చోటు పంచే బాక్స్‌లో) ఉన్నాయి, మెయిన్‌కి ఫ్లెక్స్: 1 ఉంది. మిగిలిన చోటంతా తీసుకో, అవసరమైతే కుంచించుకో అని దాని అర్థం. మిగిలిన చోటు 1111 మాత్రమే, మరి 1364 దగ్గర ఎందుకు ఆగింది? ఫ్లెక్స్ ఐటమ్‌కి (ఆ కంటైనర్‌లో నేరుగా ఉన్నదానికి) మనం ఏమీ చెప్పకపోతే మిన్-విడ్త్ ఆటో. ఆటో అంటే సున్నా కాదు, లోపలి కంటెంట్ ఇక కుదించడానికి వీల్లేని కనీస వెడల్పు. 14 కాలమ్‌లు, ప్రతి సెల్‌లోనూ లైన్ విరగకూడదని వైట్-స్పేస్: నోర్యాప్. ఇంకేం, ఆ టేబుల్ ఎంత ఉందో మెయిన్ అంతకంటే తగ్గదు.

నాకు నిజంగా బాధ అనిపించింది ఇక్కడే. టేబుల్ చుట్టూ ఓవర్‌ఫ్లో: ఆటో పెట్టిన ఒక డివ్ మొదటినుంచీ ఉంది. టేబుల్ పెద్దదైతే దాని లోపలే అడ్డంగా స్క్రోల్ కావాలని ఎవరో శ్రద్ధగా ఆలోచించే పెట్టారు. కానీ అది ఒక్కరోజు కూడా అడ్డంగా స్క్రోల్ అయ్యి ఉండదు. ఆ డివ్ ఫ్లెక్స్ ఐటమ్ కాదు, ఫ్లెక్స్ ఐటమ్ లోపల ఉంది. ఫ్లెక్స్ ఐటమే స్వయంగా స్క్రోల్ కంటైనర్ అయితే దాని ఆటో కనీస వెడల్పు సున్నా అవుతుంది, లోపలెక్కడో ఉన్న డివ్ స్క్రోల్ కంటైనర్ అయితే ఆ మినహాయింపు పైకి రాదు. మెయిన్ టేబుల్ అంత వెడల్పు పెరిగి కూర్చుంది, స్క్రోల్ డివ్‌కి కూడా అంతే వెడల్పు దొరికింది, ఇక దానికి స్క్రోల్ చేయాల్సిన అవసరమే రాలేదు. పొంగు మొత్తం పేజీ మీద పడింది.

మెయిన్‌కి మిన్-విడ్త్: 0 పెట్టాను. స్క్రోల్‌విడ్త్ చూశాను. 1604. కదల్లేదు.

చాలామంది ఇక్కడే ఈ చిట్కా పనిచేయదని వదిలేస్తారు. మెయిన్ ఈసారి నిజంగానే 1111కి తగ్గింది, అది ఇన్‌స్పెక్ట్ చేస్తే కనిపిస్తోంది. కానీ దాని లోపల ఇంకో పొర ఉంది, కార్డులనూ టేబుల్‌నూ పేర్చిన ఒక గ్రిడ్, కాలమ్ 1ఎఫ్ఆర్ (మిగిలిన చోటులో ఒక వాటా). గ్రిడ్‌లోనూ అదే నియమం వేరే వేషంలో ఉంటుంది, 1ఎఫ్ఆర్ అంటే అసలు అర్థం మిన్‌మ్యాక్స్(ఆటో, 1ఎఫ్ఆర్), మళ్లీ ఆ ఆటోనే. కాబట్టి గ్రిడ్ ట్రాక్ (ఆ కాలమ్) టేబుల్ వెడల్పుకు సాగి మెయిన్ బయటికి పొంగింది. దాన్ని మిన్‌మ్యాక్స్(0, 1ఎఫ్ఆర్) చేశాను. స్క్రోల్ కావాల్సిన డివ్ నుంచి పైకి వెళ్తూ, దారిలో ఉన్న ప్రతి ఫ్లెక్స్ ఐటమ్, ప్రతి గ్రిడ్ ట్రాక్ కుంచించుకోవడానికి ఒప్పుకోవాలి. మధ్యలో ఒక్కటి ఒప్పుకోకపోయినా పొంగు దాని దగ్గర నుంచి బయటపడుతుంది.

ఈసారి టేబుల్ తన డబ్బాలో తాను చక్కగా అడ్డంగా స్క్రోల్ అయింది. చూడగానే ఎంత హాయిగా అనిపించిందో. మళ్లీ అంకె చూశాను. 1366 వస్తుందని నా అంచనా, పైనున్న బార్ ఒక్కటే మిగిలింది కాబట్టి. వచ్చింది 1583.

ఒక్క పిక్సెల్ ఎలిమెంట్లు

స్క్రిప్ట్ నడిపితే పైన బార్ ఒక్కటే చూపిస్తోంది, దాని కుడి అంచు 1366 దగ్గర ఉంది. మరి 1583 వరకు ఉన్నదేమిటి? స్క్రీన్ మీద పక్కకు జరిపి చూస్తే తెల్లటి ఖాళీ తప్ప ఏమీ లేదు. సూడో ఎలిమెంట్లేమో అని వెతికాను, షాడోలేమో అనుకున్నాను కానీ బాక్స్-షాడో స్క్రోల్‌ని పెంచదు. ఒక పూట పోయింది.

చివరికి పాత మోటు పద్ధతే పట్టుకున్నాను. డెవ్‌టూల్స్‌లో ఒక్కో భాగాన్నీ డిస్‌ప్లే: నన్ చేస్తూ అంకె చూడటం. కార్డులు తీస్తే మారలేదు. టేబుల్ తీస్తే 1366కి పడింది. టేబుల్‌ని వెనక్కి తెచ్చి కాలమ్‌లు ఒక్కొక్కటే తీశాను. ఏది తీసినా తగ్గుతూ వచ్చింది, ఎందుకంటే టేబుల్ చిన్నదవుతోంది. అలా కాదని అన్నీ వెనక్కి పెట్టి చివరి కాలమ్ ఒక్కటే తీశాను, వెంటనే 1366. ఆ కాలమ్‌లో ప్రతి వరుసకీ రెండు ఐకాన్ బటన్లు, ఒక్కో ఐకాన్ పక్కన కంటికి కనిపించని చిన్న టెక్స్ట్, స్క్రీన్ రీడర్ వాడేవాళ్ల కోసం. "ఎడిట్", "తొలగించు" అని. ఆ టెక్స్ట్‌ని దాచే క్లాస్ అందరూ వాడేదే: పొజిషన్: యాబ్సొల్యూట్, వెడల్పు ఒక పిక్సెల్, ఎత్తు ఒక పిక్సెల్, ఓవర్‌ఫ్లో హిడెన్.

సంగతేమిటంటే, స్క్రోల్ కంటైనర్ తన లోపల ఉన్న ప్రతిదాన్నీ పట్టుకోదు. యాబ్సొల్యూట్ ఎలిమెంట్ తన పైన పొజిషన్ ఉన్న పూర్వీకుణ్ణి వెతుక్కుంటుంది. ఆ పూర్వీకుడు స్క్రోల్ కంటైనర్ లోపలో, లేదా స్క్రోల్ కంటైనరే అయితే సరే. మా స్క్రోల్ డివ్‌కి పొజిషన్ ఏమీ లేదు, బటన్లకూ లేదు, అందువల్ల ఈ ఒక్క పిక్సెల్ ఎలిమెంట్లకు ఆధారం పేజీయే. స్క్రోల్ డివ్ వాటిని కత్తిరించలేదు. టాప్, లెఫ్ట్ ఇవ్వలేదు కాబట్టి అవి మామూలుగా ఎక్కడ పడాలో అక్కడే ఉంటాయి, అంటే టేబుల్ పూర్తిగా పరిచి ఉంటే చివరి కాలమ్ ఎక్కడుండేదో అక్కడ, టేబుల్ అంచుకు 21 పిక్సెళ్లు లోపల, 1583 దగ్గర. నా స్క్రిప్ట్ వాటిని చూపించలేదు ఎందుకంటే స్క్రోల్ కంటైనర్ లోపలివి వదిలేయమని నేనే చెప్పాను. అవి డామ్ చెట్టులో (ఏది దేని లోపల రాసి ఉందో చెప్పే అమరికలో) లోపలే ఉన్నాయి, లేఅవుట్‌లో మాత్రం బయట ఉన్నాయి.

అదే క్షణంలో మూడో టికెట్ కూడా అర్థమైంది. టేబుల్ డబ్బాకి ఎత్తు పరిమితి ఉంది, లోపలే నిలువుగా కూడా స్క్రోల్ అవుతుంది. 400 ఆర్డర్లు, వరుసకు 44 పిక్సెళ్లు అంటే 17,600 పిక్సెళ్లు. ఆఖరి వరుస డబ్బా లోపల దాగి ఉంటుంది కానీ దాని "తొలగించు" అనే ఒక్క పిక్సెల్ టెక్స్ట్ పేజీలో అంత కిందకు వెళ్లి కూర్చుంటుంది, పేజీ దానిదాకా సాగుతుంది. ఆర్డర్లు తక్కువ ఉన్న రోజు టేబుల్ డబ్బాలో పట్టేస్తుంది కాబట్టి ఏమీ కనిపించదు. అందుకే ఆ బగ్ కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు, టెస్టింగ్‌లో పది వరుసల డేటాతో ఎన్నిసార్లు చూసినా దొరకలేదు.

పరిష్కారం స్క్రోల్ డివ్‌కి పొజిషన్: రిలేటివ్. ఒక్క లైన్. రెండు దిశల్లోనూ ఖాళీ పోయింది, అంకె 1366. ఇప్పుడు మా దగ్గర ఓవర్‌ఫ్లో ఆటో ఉన్న ప్రతి క్లాస్‌లోనూ ఈ లైన్ తప్పనిసరి. ఆ దాచిన టెక్స్ట్‌ని తీసేస్తే పోతుంది కదా అని ఒక సూచన వచ్చింది, ఒప్పుకోలేదు. అది లేకపోతే స్క్రీన్ రీడర్‌లో 800 బటన్లూ ఉత్త "బటన్" అనే వినిపిస్తాయి.

మిగిలిన 15

1366లోంచి 1351 తీస్తే 15. పొంగు సరిగ్గా 15 గానీ 17 గానీ వస్తే ముందు 100వీడబ్ల్యూ కోసం వెతకండి, దాదాపు ఎప్పుడూ అదే. వీడబ్ల్యూ విండో వెడల్పుని కొలుస్తుంది, నిలువు స్క్రోల్‌బార్ తీసుకున్న చోటుని అందులోంచి తీసేయదు. పైన బార్‌కి విడ్త్: 100వీడబ్ల్యూ అని ఉంది. అది బాడీ లోపల నేరుగా ఉన్న బ్లాక్ ఎలిమెంట్, అసలు వెడల్పే చెప్పక్కర్లేదు, తనంతట తానే నిండుగా పరుచుకుంటుంది. లైన్ తీసేశాను. 1351, 1351.

ఫోన్‌లో ఇంకో మూడు

డెస్క్‌టాప్ సరైంది కాబట్టి ఫోన్ కూడా సరైపోయిందనుకోవడం తప్పు. 360 వెడల్పులో స్క్రోల్‌విడ్త్ 680. తేడా 320, డ్రాయర్ వెడల్పు 320, ఇది వెతకకుండానే దొరికింది. మూసి ఉన్నప్పుడు డ్రాయర్‌ని యాబ్సొల్యూట్‌గా రైట్: -320 దగ్గర నిలబెట్టారు. రాత ఎడమ నుంచి కుడికి సాగే పేజీలో ఎడమవైపు బయటికి పోయింది స్క్రోల్‌కి అందదు, లెక్కలోకి రాదు. కుడివైపు పోయింది లెక్కలోకి వస్తుంది. అరబిక్, ఉర్దూ లాంటి కుడి నుంచి ఎడమకు సాగే పేజీల్లో సరిగ్గా తిరగబడుతుంది. ట్రాన్స్‌ఫార్మ్‌తో పక్కకు తోసినా లెక్కలోకి వస్తుంది, విజిబిలిటీ: హిడెన్ పెట్టినా వస్తుంది. మరి డెస్క్‌టాప్‌లో ఎందుకు రాలేదంటే అక్కడ మూసిన డ్రాయర్‌కి డిస్‌ప్లే: నన్ ఉంది, జారే యానిమేషన్ ఫోన్‌కి మాత్రమే రాశారు.

ఇక్కడ మాత్రం కత్తిరించడమే న్యాయం, ఎందుకంటే అది బయట ఉండటం మన ఉద్దేశమే, ఎవరికీ అందకుండా పోయేదేమీ లేదు. కానీ హిడెన్ కాదు. డ్రాయర్ పేరెంట్‌కి పొజిషన్: రిలేటివ్, ఓవర్‌ఫ్లో-ఎక్స్: క్లిప్ ఇచ్చాను. క్లిప్ కత్తిరిస్తుంది కానీ స్క్రోల్ కంటైనర్‌ని పుట్టించదు, కాబట్టి స్టికీ చెడదు, నిలువు దిశ విజిబుల్‌గానే ఉంటుంది, ట్యాబ్ నొక్కినా పక్కకు జరగదు. క్రోమ్‌లో 90వ వెర్షన్ నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 81 నుంచి, సఫారీలో 2022లో వచ్చిన 16 నుంచి ఉంది. దానితోపాటు మూసిన డ్రాయర్‌లోని బటన్ల మీదికి ఫోకస్ వెళ్లకుండా ఇనర్ట్ అట్రిబ్యూట్ పెట్టాను.

రెండోది ఫిల్టర్ల బార్. అందులోని ఇన్‌పుట్‌లు ఒక ఫీల్డ్‌సెట్‌లో (ఇన్‌పుట్‌లను గుంపుగా కట్టే ఎలిమెంట్‌లో) ఉన్నాయి. ఫీల్డ్‌సెట్‌కి బ్రౌజర్లే స్వయంగా మిన్-ఇన్‌లైన్-సైజ్: మిన్-కంటెంట్ అని పెట్టి ఇస్తాయి, ఫ్లెక్స్ ఏమీ లేకపోయినా సరే. మన స్టైల్‌షీట్ ఎంత వెతికినా అది కనిపించదు, డెవ్‌టూల్స్ కంప్యూటెడ్ ట్యాబ్‌లో చూస్తే తెలుస్తుంది. మిన్-విడ్త్: 0 ఇస్తే దారికొచ్చింది.

మూడోది ఆర్డర్ నోట్స్. జనం అందులో పొడుగాటి లింకులు పేస్ట్ చేస్తారు, మధ్యలో ఖాళీ ఉండదు. ఓవర్‌ఫ్లో-ర్యాప్: బ్రేక్-వర్డ్ అప్పటికే ఉంది, అయినా పొంగుతోంది. ఎందుకంటే బ్రేక్-వర్డ్ మాటని విరుస్తుంది కానీ కనీస వెడల్పు లెక్కవేసేటప్పుడు ఆ విరుపుని పట్టించుకోదు, ఫ్లెక్స్ ఐటమ్ లింక్ అంత పొడుగూ అడుగుతుంది. ఎనీవేర్ అని పెడితే లెక్కలో కూడా విరిచి చూస్తుంది. వర్డ్-బ్రేక్: బ్రేక్-ఆల్ జోలికి వెళ్లకండి, అది అవసరం లేని చోట కూడా మామూలు మాటల్ని మధ్యలో తెంపేస్తుంది, చదివేవాళ్లకు నరకం.

డ్రాయర్ ఎత్తు 100వీహెచ్ అని ఉండటం వల్ల ఫోన్ బ్రౌజర్ అడ్రస్ బార్ కనిపిస్తున్నప్పుడు "సేవ్" బటన్ స్క్రీన్ కిందకు పోయేది. 100డీవీహెచ్ చేశాను, అది అడ్రస్ బార్ పోగా మిగిలిన ఎత్తునే తీసుకుంటుంది.

పాపప్ కుదుపు

పాపప్ తెరిస్తే వెనక పేజీ స్క్రోల్ కాకూడదని బాడీకి ఓవర్‌ఫ్లో హిడెన్ పెడతాం. నిలువు స్క్రోల్‌బార్ మాయమవుతుంది, 15 పిక్సెళ్లు ఖాళీ అవుతాయి, పేజీ ఆ చోటులోకి సాగుతుంది. మూస్తే మళ్లీ వెనక్కి. హెచ్‌టీఎమ్‌ఎల్‌కి స్క్రోల్‌బార్-గట్టర్: స్టేబుల్ ఇస్తే స్క్రోల్‌బార్ ఉన్నా లేకపోయినా ఆ చోటు అలాగే ఉంటుంది. క్రోమ్‌లో 2021 నుంచి, ఫైర్‌ఫాక్స్‌లో 2022 నుంచి ఉంది, సఫారీలో 18.2తో 2024 చివర్లో వచ్చింది. పాత సఫారీ కోసం ఇన్నర్‌విడ్త్‌లోంచి క్లయింట్‌విడ్త్ తీసేసి, వచ్చిన అంకెని పాపప్ ఉన్నంతసేపు బాడీకి కుడి ప్యాడింగ్‌గా ఇచ్చాం. ఒక చిన్న లోపం ఉంది, పాపప్ వెనక వేసే నల్లటి పొర ఆ గట్టర్‌ని కప్పదు, కుడి అంచున లేత రంగు చార మిగులుతుంది. కుదుపు కంటే అదే నయమని వదిలేశాం.

మళ్లీ రాకుండా

ఇప్పుడు ప్రతి రిలీజ్‌కి ముందు ఒక టెస్ట్ నడుస్తుంది. 320, 360, 768, 1366 వెడల్పుల్లో పేజీ తెరిచి స్క్రోల్‌విడ్త్ క్లయింట్‌విడ్త్‌ని దాటిందా అని చూస్తుంది. రేపు ఎవరైనా తొందరలో మళ్లీ హెచ్‌టీఎమ్‌ఎల్ మీద హిడెన్ పెట్టినా ఈ టెస్ట్ పట్టుకుంటుంది, హిడెన్ ఉన్నా స్క్రోల్‌విడ్త్ అసలు అంకెనే చెప్తుంది కాబట్టి. 320 ఎందుకంటే డబ్ల్యూసీఏజీ 2.1లోని (వెబ్ పేజీలు అందరూ వాడగలిగేలా ఉండాలని చెప్పే ప్రమాణాలు) రీఫ్లో నియమం అడిగేది అదే. 1280 విండోని 400 శాతం జూమ్ చేస్తే మిగిలేది 320, చూపు తక్కువున్నవాళ్లు పేజీని అలాగే చదువుతారు. డేటా టేబుళ్లకు ఆ నియమంలో మినహాయింపు ఉంది, కానీ టేబుల్ చుట్టూ ఉన్న పేజీకి లేదు.

ఈ టెస్ట్ రాసేటప్పుడు ఒక పొరపాటు జరిగింది. మొదట రాసిన దాన్ని పాత కోడ్ మీద నడిపితే 100వీడబ్ల్యూ బగ్ పట్టుకోలేదు. టెస్టుల కోసం బ్రౌజర్‌ని నడిపే ప్లేరైట్, పపెటీర్ లాంటి టూల్స్ హెడ్‌లెస్‌గా (విండో కనిపించకుండా) నడిపేటప్పుడు క్రోమియంలో స్క్రోల్‌బార్లని దాచేస్తాయి, అలా దాచమని చెప్పే ఫ్లాగ్ తీసేయాలి. టెస్ట్ డేటాలో కూడా 400 వరుసలు, ఖాళీలు లేని ఒక పొడుగాటి లింక్ పెట్టాం. ఇవి లేకపోతే పేజీ ఎప్పుడూ బాగానే కనిపిస్తుంది.

టేబుల్ డబ్బాకి ట్యాబ్‌ఇండెక్స్ 0, ఒక రోల్, పేరు ఇచ్చాం, కీబోర్డ్ వాడేవాళ్లు దాని మీద ఆగి బాణం కీలతో స్క్రోల్ చేసుకోవచ్చు. మొదట ఫిర్యాదు చేసిన యూజర్‌నే పిలిచి చూపించాం. ట్యాబ్ నొక్కుకుంటూ చివరి కాలమ్ దాకా వెళ్లారు, టేబుల్ తన డబ్బాలో జరిగింది, మెనూ, ఫిల్టర్లు కదల్లేదు. అయితే ఫోన్‌లో 14 కాలమ్‌లు పక్కకు లాగి చూడటం కష్టంగానే ఉందని వాళ్లే చెప్పారు. అది నిజం. ఏ కాలమ్‌లు దాచాలి, ఏవి ఉంచాలి అనేది ఆ పేజీ రోజూ వాడేవాళ్లతో కూర్చుని తేల్చుకోవాల్సిన విషయం, ఆ మాటలు ఇప్పుడు నడుస్తున్నాయి.